మొఖం లేని ఇంజన్

పోయిన వారం నా స్కూటర్ సాగర్ రోడ్డు మీద ఆగిపోయింది. తోసుకుంటూ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే, అతను పక్క డబ్బా విప్పి లోపలికి చూసి, తర్వాత నా వైపు చూశాడు. బండికీ నాకూ కలిపి ఒకటే చూపు. "సార్, గీ సామాను ఇప్పుడు వస్తలేదు. కంపెనోళ్లే బంద్ జేసిన్రు" అన్నాడు. దవాఖానలో డాక్టర్ చుట్టాలను పక్కకు పిలిచి చెప్పినట్టు, గొంతు తగ్గించి చెప్పాడు. నేను దుకాణం ముందు స్టూలు మీద కూర్చుని చాయ్ తెప్పించుకున్నాను. 'వస్తలేదు' అన్న మాట నాకు కొత్త కాదు. కొన్నేళ్ల కిందట ఒక ఎండాకాలం చివరంతా మా బావ నోట ఆ ఒక్క మాటే విన్నాను. అప్పుడు కూడా ఇదే స్కూటర్ మీద తిరిగాను. అప్పుడు ఏం జరిగిందో ఇప్పటికీ నాకు పూర్తిగా అర్థం కాలేదు. వరస తప్పకుండా చెబితే అర్థమవుతుందేమోనని ఇలా రాస్తున్నాను.

మా బావ అంటే మా అక్క భర్త. ఇబ్రహీంపట్నం పక్కన రెండెకరాల చెలక దున్నుకునే మనిషి. చుట్టూ ప్లాట్ల వెంచర్లు మొదలై, ప్రతివాడికీ భూమిని చదును చేసేవాడు కావలసి వచ్చినప్పుడు, నాగలి వదిలి మట్టి తవ్వే యంత్రం కొన్నాడు. గొలుసు పట్టీల మీద పాకుతూ, పొడవాటి ఇనుప చెయ్యితో మట్టి తోడే ఆ యంత్రాన్ని మా దగ్గర చైన్ బండి అంటారు. బావ ఎప్పుడూ కొత్తది కొనలేదు. మొదటిది పాతది. అది అరిగిపోయి తుక్కుకు పోయాక కొన్న రెండోది అంతకంటే పాతది. దాని కాగితాలు ఒక చెక్క పెట్టెలో పెడితే చెదలు తినేశాయి. "ఇనుముకు కాయితాలెందుకు? తవ్వుతదా లేదా, గంతే" అనేవాడు. బండిని ముద్దుపేర్లతో పిలిచేవాళ్లన్నా, దానికి నిమ్మకాయలు కట్టేవాళ్లన్నా ఆయనకు నవ్వు. ఆ పనులన్నీ అక్క చూసుకునేది. దసరా నాడు బండి కడిగి, ఇంజన్ పక్కనున్న చిన్న అల్యూమినియం ప్లేటుకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, చైన్ కింద కొబ్బరికాయ కొట్టేది. కంపెనీ పేరు, ఇంజన్ నంబరు అచ్చు కొట్టి ఉండే ఆ ప్లేటు, ఏళ్ల తరబడి పడిన పసుపు పూతతో పాత ఇంటి గడపలా కనిపించేది. బావ దూరంగా నిలబడి బీడీ కాలుస్తూ, "అయ్యిందా నీ ఇనుప దేవుని పండుగ?" అనేవాడు. కొబ్బరి ముక్క పెడితే మాత్రం తినేవాడు.

ఆ ఏడు ఊరవతలి కుంటలో పూడిక తీసే పని బావకు దొరికింది. చుట్టుపక్కల రైతులు ట్రాక్టర్లు తెచ్చుకుని నల్లమట్టి పొలాలకు తోలుకుపోతున్నారు. వానలు మొదలయ్యే మిరుగం కార్తె ఇంకో పది రోజులుందనగా, కుంటలో అన్నిటికన్నా లోతైన చోట, తూముకు ఎదురుగా, బండి టక్కున ఆగింది. కొద్దిగా దగ్గడం, పొగ కక్కడం లాంటి మర్యాదలేమీ లేవు. మాట మధ్యలో మనిషి లేచిపోయినట్టు ఆగింది. హయత్‌నగర్ నుంచి వచ్చిన మెకానిక్ ముందు భాగం విప్పి, ఇంజన్‌కు డీజిల్ అందించే పంపును తిప్పే పళ్ల చక్రాన్ని బయటకు తీశాడు. అరచేయంత వెడల్పు. మూడు పళ్లు వరసగా విరిగిపోయి, పసిపిల్లవాడి నోరులా ఉంది. "పంపు గేరు పోయింది అన్నా. గిది మారిస్తే నడుస్తది" అన్నాడు. వినడానికి ఎంత చిన్న పని!

కష్టమంతా బండి నిలబడ్డ చోటులో ఉంది. ఇంజన్ నడిస్తే తప్ప చైన్ల బ్రేకు వదలని రకం అది. రెండు ట్రాక్టర్లు కట్టి లాగితే ట్రాక్టర్ల ముందు చక్రాలు లేచాయి గానీ బండి జానెడు కూడా కదలలేదు. పైగా మెత్తటి మట్టిలో ఒక పక్కకు ఇంకాస్త దిగింది. తొలి వానకు కుంటలోకి వచ్చే నీళ్లు ముందు తూము దగ్గరే చేరతాయి. ఒక్క గట్టి వాన పడితే ఇంజన్ దాకా మునుగుతుంది, బురదనీళ్లు తాగిన ఇంజన్ మళ్లీ లేవదు. బావకు ఆ బండి తప్ప వేరే ఆధారం లేదు. దున్నే ఎద్దులు ఎప్పుడో పోయాయి, చెలకలో సగం కూడా పోయింది. "మిరుగం లోపల ఇది ఒడ్డెక్కాలె బామ్మర్దీ. లేకుంటే నేనూ దీంతోనే కుంటల కూసుంట" అన్నాడు. అది నవ్వులాటకు అన్న మాటలా లేదు.

గేరు కావాలంటే నంబరు చెప్పమన్నారు సిటీలోని సామాన్ల దుకాణం వాళ్లు. మెకానిక్ ప్లేటు మీది పసుపు తుడిచాడు. అంకెలు చదివే పని బావ నాకు అప్పగించాడు. "నువ్వు పేపరోనివి. అంకె తప్పు పోతే మీకు తెల్లారి పంచాయితే గద. జర సూసి రాయి" అన్నాడు. నేను కళ్లద్దాలు తుడుచుకుని, ప్లేటును మూడుసార్లు చదివి, ఫోటో తీసి, రాసింది బిగ్గరగా చదివి సరిచూసుకున్నాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక అంకెను అంత శ్రద్ధగా రాసింది లేదు. అది అక్షరాలా సరైన నంబరు. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది కాబట్టి ముందే చెప్పి ఉంచుతున్నాను.

ఫోన్లో దుకాణం అతను చెప్పింది నేను నోట్‌బుక్కులో రాసుకున్నాను గానీ, తిరిగి చదివితే నాకే తల తిరిగింది. "మీరు చెప్పిన నంబర్ బంద్ అయ్యింది సార్. దాని జాగల వేరే నంబర్ వచ్చింది." అయితే అది పంపమన్నాను. "అది గూడ బంద్ అయ్యింది. దాని జాగల ఇంకోటి వచ్చింది." అదైనా ఉందా? "ఉన్నది గని, అది మీ బండికి కాదు." మరి మా బండికి ఏది? "మీరు ఫస్ట్ చెప్పిన్రు గద సార్, గదే." ఎవరి మీదా కోపం తెచ్చుకోవడానికి లేని సంభాషణ అది. అతను మర్యాదస్తుడు. మూడు రోజులు వెతికించి, ఎక్కడో ఒక గోదాములో మిగిలిపోయిన పాత సరుకులోంచి ఒక గేరు పంపాడు. నూనె కాగితంలో చుట్టి, మెరిసిపోతూ వచ్చింది. మెకానిక్ ఎక్కించబోయాడు. మధ్య రంధ్రం పెద్దదై చేతికి గాజులా వేలాడింది. రెండో గేరుకు రంధ్రం సరిపోయింది గానీ, దాని పళ్లు ఇటు వాలితే మా దాని పళ్లు అటు వాలాయి. మూడోది విప్పి చూస్తే మొదటిదే, డబ్బా మాత్రం కొత్తది. మెకానిక్ తన ఫోన్లోని ఇంజన్ సామాన్ల పటాల పుస్తకం తిప్పి తిప్పి, చివరికి బండిని అనుమానించడం మొదలుపెట్టాడు. "నంబర్ కరెక్టే అన్నా. బండే తప్పుగున్నది" అన్నాడు. బండి తప్పెలా అవుతుందని బావ, నంబరు తప్పెలా అవుతుందని నేను, ఆ ఎండలో ఒకరినొకరు చూస్తూ నిలబడ్డాం. దక్షిణాన, యాచారం వైపు, మధ్యాహ్నం దాటితే చాలు నల్లటి మబ్బు లేచి, కాసేపు మమ్మల్ని చూసి పోయేది.

మిరుగం ఇంకా మూడు రోజులుందనగా అక్క అన్నం గిన్నెలు పట్టుకుని కుంటలోకి దిగింది. అప్పుడు నేను ప్లేటు మీద మిగిలిన మరకలను గీరుతున్నాను. ఎక్కడైనా మూడును ఎనిమిదిగా చదివానేమో, ఇంకోసారి చూద్దామని. "ఓ తమ్మీ, గట్ల గీకకు. అది దాని మొఖం" అంది అక్క. నంబరు చూస్తున్నానని చెప్పాను. "గా నంబర్‌తోని మీకేం పని?" అంది. ఆ నంబరు చెప్పే గేర్లు తెప్పించామని, ఏదీ సరిపోవడం లేదని బావ విసుక్కున్నాడు. అక్క గిన్నెలు చైన్ మీద పెట్టి, చాలా మామూలుగా అంది:

"ఎట్ల సరిపోతది? అది పాత బండిది గద."

మెకానిక్ చేతిలోని పానా తిరగడం మానేసింది.

తర్వాత తెలిసింది ఇది. మొదటి బండి తుక్కుకు పోయిన రోజు, అక్క చాచాను బతిమాలి దాని ప్లేటు ఊడదీయించుకుంది. చాచా అంటే మా బావ బండ్లకు మొదటి నుంచీ మిస్త్రీగా ఉన్న పెద్దాయన. ఆ ప్లేటును గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో దాచింది. రెండో బండి వచ్చాక దసరా నాడు చూస్తే, దాని ఇంజన్‌కు ప్లేటే లేదు. ఎవరు, ఎప్పుడు పీకేశారో! "గీ దానికి మొఖమే లేకుండె. బొట్టు యాడ పెట్టాలె?" అంది అక్క మమ్మల్నే నిలదీస్తూ. మళ్లీ చాచాతోనే పాత ప్లేటును కొత్త ఇంజన్‌కు కొట్టించింది. మొదటి బండి ఇంటికి అన్నం పెట్టింది, దాని మొఖం ఉంటే దీనికీ ఆ గుణం వస్తుందని. నవ్వుతాడని బావకు చెప్పలేదు. మా తంటా అంతా ఏళ్ల కిందట తుక్కులో కరిగిపోయిన ఇంజన్‌కు గేరు తెప్పించడం. నేను సరైన నంబరే రాశాను. అది లేని బండి నంబరు.

"నీ బొట్టు జేయబట్టి నా బండి మునుగుతున్నదే!" అని బావ అరిచాడు. "మునగది. గా బొట్టే ఇన్నేండ్లు నడిపిచ్చింది. నువ్వు నడిపిచ్చినవనుకుంటున్నవా?" అంది అక్క, అన్నం వడ్డిస్తూ. మెకానిక్ నవ్వు ఆపుకోలేక ఇంజన్ అవతలి పక్కకు పోయాడు.

అయితే ఇది ఏ ఇంజన్? ఇంజన్ దిమ్మె మీదనే ఒక నంబరు కొట్టి ఉంటుందని మెకానిక్ చెప్పాడు. ప్లేటు కళ్లముందే ఉంటే దిమ్మె ఎవరు చూస్తారని తనను తాను సమర్థించుకుంటూ, రంగు పొరలు గీరాడు. పసుపు రంగు కింద ఎరుపు, ఎరుపు కింద ఆకుపచ్చ. చైన్ బండికి ఆకుపచ్చ ఏమిటో ఎవరికీ తెలియదు. అన్నిటి కింద అంకెలు ఉండవలసిన చోట ఎవరో ఆకురాయి పెట్టి నున్నగా అరగదీసేశారు. ప్లేటు అబద్ధం, దిమ్మె మూగ. నాలాగా కాగితాన్ని, అంకెను నమ్ముకుని బతికినవాడికి ఇంతకంటే దిక్కు తోచని స్థితి లేదు. "చాచాను తీస్కరా తమ్మీ" అంది అక్క. ఆమె ఒక్కతే అయోమయంలో లేదు.

చాచా అప్పటికి పని మానేసి మీర్‌పేట్‌లో కూతురి దగ్గర ఉంటున్నాడు. రెండు కళ్లలోనూ శుక్లాలు. నా స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని తీసుకొస్తుంటే దారి పొడవునా చప్పుడును బట్టి నా బండి జబ్బులు చెబుతూ వచ్చాడు. కుంటలో దిగి, ముందు ప్లేటును వేళ్లతో తడిమి, "బేటీ ఏడ్సుకుంట అడిగింది, రెండు రివిట్లు కొట్టిన. ప్లేటు జూసి సామాన్ తెప్పిస్తరని నాకేం ఎరుక?" అన్నాడు. తర్వాత ఇంజన్ చుట్టూ చేతులు పోనిచ్చాడు, జ్వరం చూసినట్టు. "గిది చైన్ బండి ఇంజనే కాదు. బోరు బండిదన్న కావాలె, జనరేటర్‌దన్న కావాలె. ఎవడో తెచ్చి ఇందుల పెట్టిండు" అన్నాడు. రెండిటిలో ఏదని అడిగాను. "ఏదైతే ఏంది బేటా? నంబర్ జూస్తే సామాన్ వస్తదా? సామాన్ జూస్తే సామాన్ వస్తది. విరిగిందాన్ని పట్టుకొని తుక్కు దుకాన్లు తిరిగితే ఎప్పుడో దొరుకుతుండె."

కానీ విరిగిన గేరు ఒక్కటే, మిగిలిన రోజులు మూడు, వెతకవలసిన దిక్కులు మూడు. ఫోటోలు తీసుకుని తలా ఒక వైపు పోదామన్నాను. చాచా ఒప్పుకోలేదు. "ఫోన్ల బొమ్మ పెద్దగ జేస్తే పెద్దగైతది, సిన్నగ జేస్తే సిన్నగైతది. గేరు గట్ల గాదు. కాయితం తీయి" అన్నాడు. నా సంచీలో ఆ రోజు మా పేపరు జిల్లా ఎడిషన్ ఉంది. అందులోంచి మూడు తావులు తీశాడు. గేరుకు గ్రీజు పట్టించి, గుడ్డతో అద్ది, ఒక తావు మీద బోర్లించి, పైన చెక్క పెట్టి బావను ఎక్కి నిలబడమన్నాడు. లేపితే అచ్చు పడింది. పన్ను పన్నుకూ, నడుమ రంధ్రంతో సహా, నల్లటి చక్రం. విరిగిన మూడు పళ్ల చోటు ఖాళీగా ఉంది. పక్క పన్ను వెడల్పును గోటితో కొలిచి, చూపుడువేలు గ్రీజులో ముంచి, ఆ ఖాళీలో మూడు పళ్లు అద్దాడు. పళ్లు ఏ వైపు వాలాలో అంచున ఒక గీత గీశాడు. ఆ కళ్లతో ఏం కనిపించిందో తెలియదు. మూడు తావులకూ అలాగే చేసి, బావను మహేశ్వరం వైపు, మెకానిక్‌ను సిటీలోకి, నన్ను హయత్‌నగర్ వైపు పంపాడు. నా వంతుకు వచ్చిన తావు మీద నేను రాసిన వార్తే ఉంది. వానలు ఈసారి వారం ఆలస్యం కావచ్చునని. దాని మీదే చక్రం పడింది.

రెండు రోజులు తిరిగాను. పాత లారీలు, బోరు బండ్లు, జనరేటర్లు విప్పి కుప్పలు పోసే దుకాణాల్లో ఇనుము ఎండకు కాలి, గాలి కూడా డీజిల్ వాసన వేసేది. కొందరు కాగితం చూసి నవ్వారు. ఒకాయన వార్త చదివి, వానలు నిజంగానే ఆలస్యమా అని అడిగాడు. రెండో రోజు మధ్యాహ్నం విజయవాడ రోడ్డు పక్కన ఒక దుకాణం ముసలాయన మాత్రం నవ్వలేదు. "గిట్ల కాయితం తెచ్చెటోళ్లు ఇంకున్నరా?" అని, తావును నేల మీద పరిచి నాలుగు మూలలా నాలుగు బోల్టులు పెట్టాడు. కుప్పలోంచి గేర్లు ఏరి ఒక్కొక్కటే దాని మీద పెట్టసాగాడు. ఇది గాదు. ఇది గాదు. ఇది జర పెద్దగైంది. ఏడో గేరు పెట్టగానే కాగితం మీది చక్రం కనబడకుండా పోయింది. పళ్ల కింద పళ్లు, చాచా అద్దిన మూడు పళ్లతో సహా, ఎక్కడా నలుపు బయటకు రాలేదు. గీత కూడా సరిపోయింది. నేను అలవాటు చంపుకోలేక నోట్‌బుక్కు తీసి, ఇది ఏ ఇంజన్‌దని అడిగాను.

"ఏమో సార్, కుప్పల ఉండె. మీది ఏ ఇంజన్?"

"ఏమో" అన్నాను.

ముసలాయన గేరును గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టాడు.

తెల్లారి చాచా చెబుతుంటే మెకానిక్ ఎక్కించాడు. పళ్లు కలిపే గుర్తులు లేని ఇంజన్ కాబట్టి, ఏ పన్ను ఎక్కడ కలపాలో చెవి ఆనించి చెప్పాడు చాచా. మొదటిసారి తెల్లటి పొగ వచ్చి ఆగింది. ఒక పన్ను జరపమన్నాడు. రెండోసారీ ఆగింది. అప్పటికి యాచారం వైపు మబ్బు చూసి పోవడం మానేసి మా మీదికి వస్తోంది. మట్టి వాసన మాకంటే ముందే ఒడ్డు దాటింది. ఇంకో పన్ను జరిపాక ఇంజన్ దగ్గి, నల్లటి పొగ కక్కి, అందుకుంది. బావ బండెక్కి మెల్లగా కదిలించాడు. సగం వాలులో చైన్ ఒక పక్క జారి, బండి వెనక్కి వాలింది. అప్పుడు విన్నాను, బండికి ముద్దుపేర్లంటే నవ్వే మనిషి గొంతు చించుకుని, "నడువే నా తల్లీ, నడువే!" అనడం. అక్క కట్ట మీద నుంచి వినీ విననట్టు కొంగు సర్దుకుంది. బండి ఒడ్డెక్కింది. చినుకులు అప్పుడే మొదలయ్యాయి. సాయంత్రానికి తూము దగ్గర నడుము లోతు నీళ్లు నిలిచాయి. వారం ఆలస్యమన్న నా వార్త తడవకుండా నా జేబులోనే ఉంది.

తర్వాత మెకానిక్, ఇంకొకరు మోసపోకుండా ఆ ప్లేటు పీకేద్దామన్నాడు. నేనూ అదే మంచిదన్నాను. బావ బీడీ పారేసి, "ఉండనీ తమ్మీ. మొఖం లేకుండ ఎట్ల తిరుగుతది?" అన్నాడు. ఇప్పటికీ ఉంది. బండి ఇప్పటికీ అడపాదడపా తవ్వుతుంది. దాని లోపల ఉన్నది బోరు బండి ఇంజనా, జనరేటర్ ఇంజనా అన్నది మాలో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలన్న కోరిక నాకొక్కడికే ఉంది. మూడు తావుల్లో బావది చెమటకు చిరిగింది, మెకానిక్‌ది చేతులు తుడుచుకోవడానికి పోయింది. నాది మిగిలింది.

పోయిన వారం స్కూటర్‌ను సాగర్ రోడ్డు మెకానిక్ దగ్గరే వదిలి ఇంటికొచ్చి, ఆ తావును వెతికి విప్పాను. కాగితం పసుపుబారింది. నా వార్త సగం వెలిసిపోయింది, మిగిలిన సగం తప్పని తేలిపోయింది. గ్రీజు చక్రం మాత్రం చుట్టూ నూనె మరక పాకినా పన్ను పన్నూ లెక్కపెట్టేట్టుంది. లెక్కపెట్టాను, ముప్పై ఆరు. చాచా పోయి రెండేళ్లవుతోంది. పళ్లలో మూడింటికి అంచులు లేవు, దగ్గరగా చూస్తే లోపల సన్నటి గీతలు, సుడులు కనిపించాయి. కాలం విరగ్గొట్టిన ఆ మూడు చోట్లా ఉన్నవి ఒక ముసలాయన వేలిముద్రలు. వాటిని కలుపుకుంటేనే చక్రం లెక్క సరిపోతుంది.